స్పీకర్ పాడవలేదు

(శాంటా క్లారాలో మన శ్రోతలు కలుసుకున్న రోజు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినావిడ ఆ చుట్టుపక్కలే ఒక కమ్యూనిటీ కాలేజీలో సముద్ర జీవశాస్త్రం చెప్తారు. పేరు వెయ్యొద్దన్నారు. తడబాట్లు సరిచేసి, మాట తీరు మాత్రం అలాగే ఉంచాం. వీలైతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎపిసోడ్ వింటూ చదవండి.)

 

నా గురించి చెప్పేముందు ఒక రికార్డింగ్ పెడతాను. ఒక్క నిమిషం మాట్లాడకుండా వినండి.

(రికార్డింగ్: ఒక నిమిషం)

ఏమైనా వినపడిందా? వెనక వరసలో ఎవరో సౌండ్ పెంచమంటున్నారు. ప్రతి సెమిస్టర్ మొదటి క్లాసులో నేను వినే మాట అదే. "ప్రొఫెసర్, స్పీకర్ పాడైనట్టుంది" అంటారు. ఒకసారి ఒకబ్బాయి లేచొచ్చి వైరు పీకి మళ్ళీ గుచ్చాడు కూడా. స్పీకర్ పాడవలేదండీ. ఆ నిమిషంలో మాంటెరీ అఖాతంలో ఒక నీలి తిమింగలం పాడుతూనే ఉంది. దాని గొంతు సెకనుకి సుమారు పదిహేను కంపనాల దగ్గర ఉంటుంది. మన చెవి ఇరవై దగ్గర మొదలవుతుంది. అంటే ఈ భూమ్మీద పుట్టినవాటిలో అన్నిటికంటే పెద్ద జంతువు గొంతెత్తి పాడుతుంటే మనకి నిశ్శబ్దంలా ఉంటుంది. పదిహేనుకి మూడింతల మీద, నలభై అయిదు దగ్గర, ఇంకో గట్టి స్వరం ఉంటుంది గానీ ల్యాప్‌టాప్ స్పీకర్లకి అదీ పలకదు. ఇప్పుడు అదే రికార్డింగ్‌ని పదింతలు వేగం పెంచి పెడతాను.

(రికార్డింగ్)

అదండీ. ఎక్కడో దూరాన ఎవరో మూలుగుతున్నట్టు, తలుపు నెమ్మదిగా తీస్తున్నట్టు. ఇది విన్నాక క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ కాసేపు కోసమే నేను ఈ పాఠం ఇలా మొదలుపెడతాను.

మాది భీమిలి. చిన్నప్పుడు నాకు తెలిసిన తిమింగలం చచ్చిపోయి ఒడ్డుకి కొట్టుకొచ్చిందే. ఊరంతా వెళ్ళి చూశాం. ఆడవాళ్ళు పసుపు కుంకుమ చల్లి కొబ్బరికాయ కొట్టారు, పిల్లలు ముక్కు మూసుకుని చుట్టూ తిరిగారు, మూడోరోజు గొయ్యి తీసి పూడ్చారు. అది బతికుండగా ఏం చేసేదో ఎవరూ అనుకోలేదు. మన మాటే చూడండి. తిమి అంటే పెద్ద చేప, దాన్ని మింగేది తిమింగిలం, ఆ తిమింగిలాన్ని కూడా మింగేది తిమింగిలగిలం అని సంస్కృతంలో ఉంది. పేర్లన్నీ మింగడం గురించే. పాడటం గురించి ఒక్క పేరూ లేదు. పైగా అది చేప కూడా కాదు, పిల్లకి పాలిచ్చే జంతువు.

విశాఖలో జువాలజీ ఎమ్మెస్సీ చేసి 2008లో మావారి వీసా మీద ఇక్కడికొచ్చాను. ఈ హాల్లో సగం మంది ఆడవాళ్ళకి తెలుసు, డిపెండెంట్‌గా వస్తే చదువుకోవచ్చు, ఉద్యోగం చెయ్యకూడదు. సరే అని చదువుకున్నాను. 2015 మే నెలాఖరులో రూలు మారి కొందరికి పని పర్మిట్ ఇచ్చారు. అదే ఏడాది జులైలో మాంటెరీ అఖాతం అడుగున ఒక హైడ్రోఫోన్, అంటే నీళ్ళలో పనిచేసే మైకు, పెట్టారు. నాకూ ఆ మైకుకీ ఒకే వేసవిలో ఉద్యోగం వచ్చిందని మా ఇంట్లో జోకు. మైకుది పర్మనెంటు. నాది రెండు కాలేజీల మధ్య కారులో తిరిగే పార్ట్‌టైమ్. ఇక్కడ మాలాంటివాళ్ళని ఫ్రీవే ఫ్లయర్లు అంటారు.

ఆ మైకు గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఏమీ అనుకోకండి. దాన్ని పెట్టింది మాస్ లాండింగ్‌లో ఉన్న మాంటెరీ బే అక్వేరియం రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, పొట్టిగా ఎంబారి. ఇక్కణ్ణుంచి కారులో గంటన్నర లోపే. ఒడ్డు నుంచి యాభై రెండు కిలోమీటర్ల కేబుల్ సముద్రం అడుక్కి వెళ్తుంది. ఆ చివర, దాదాపు 900 మీటర్ల లోతున, ఈ మైకు ఉంది. కరెంటు కేబుల్లో వెళ్తుంది, శబ్దం కేబుల్లో వస్తుంది. 2015 నుంచి రాత్రీ పగలూ వింటూనే ఉంది. సెకనుకి రెండు లక్షల యాభై ఆరు వేల సార్లు శబ్దాన్ని కొలుస్తుంది, అందుకే తిమింగలం మూలుగు దగ్గర్నుంచి డాల్ఫిన్ల క్లిక్కుల దాకా అన్నీ దొరుకుతాయి. ఆ రికార్డింగులన్నీ అందరికీ ఉచితంగా పెట్టారు. పడవల్లేని, ల్యాబుల్లేని నాలాంటి టీచరు ఈ కోర్సు చెప్పగలుగుతోందంటే అందుకే.

ఎంబారిని 1987లో స్థాపించింది ఎవరో తెలుసా? డేవిడ్ ప్యాకార్డ్. అవును, హెచ్‌పీలో ప్యాకార్డ్. పాలో ఆల్టోలో ఆ గ్యారేజీ ముందు నిలబడి మీరంతా ఫోటో దిగే ఉంటారు. ఆ గ్యారేజీలో తయారైన మొదటి వస్తువు కంప్యూటర్ కాదండీ, ఆడియో ఆసిలేటర్. కావలసిన స్వరం పుట్టించే పెట్టె. ఈ లోయ శబ్దంతో మొదలైంది. ఆ డబ్బులో కొంత యాభై ఏళ్ళ తర్వాత సముద్రాన్ని వినడానికి వెళ్ళింది. ఇంజనీరింగ్ తప్ప చదువు లేదనుకునే పిల్లలకి ఇది మొదటి వారంలోనే చెప్పేస్తాను.

ఇక పాఠం. పిల్లలందరూ ముందు సాఫ్ట్‌వేర్ తెరుస్తారు. స్పెక్ట్రోగ్రామ్ అని ఒక బొమ్మ వస్తుంది, శబ్దానికి తీసిన ఈసీజీ అనుకోండి. దాంట్లో గీతలు చూసి ఇది తిమింగలం, ఇది ఓడ అని గుర్తులు పెట్టేస్తారు. ఇప్పుడైతే ఆ పని కూడా మెషీనే చేసేస్తోంది. నేను మొదటి రెండు వారాలు తెర చూడనివ్వను. బయట లాన్‌లో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని పది నిమిషాలు విని, విన్నవన్నీ కాగితం మీద రాయమంటాను. మొదటిసారి నాలుగు రాస్తారు. విమానం, కారు, ఏసీ, మళ్ళీ విమానం. శాన్ హోసే ఎయిర్‌పోర్ట్ పక్కనే కదా. నాలుగోసారికి ఇరవై వస్తాయి. ఏసీ ఆగినప్పుడే పిచ్చుక వినపడుతుందని అప్పుడు తెలుస్తుంది. బెర్నీ క్రాస్ అని మన కాలిఫోర్నియాలోనే ఉండే ఆయన శబ్దాలని మూడు రకాలుగా విడదీశాడు: గాలీ వానా చేసేవి, జీవులు చేసేవి, మనుషులు చేసేవి. మూడో రకం రెండోదాన్ని ఎప్పుడు, ఎంతసేపు కప్పేస్తోందన్నదే ఈ శాస్త్రంలో చాలా భాగం.

డెసిబెల్స్ దగ్గర ప్రతి బ్యాచూ పడుతుంది. నీలి తిమింగలం 188 డెసిబెల్స్, జెట్ ఇంజిన్ 140, కాబట్టి తిమింగలమే గట్టి అని ఇంటర్నెట్ నిండా రాసి ఉంటుంది. గాల్లో కొలిచే సున్నా వేరు, నీళ్ళలో కొలిచే సున్నా వేరు. పైగా నీళ్ళూ గాలీ శబ్దాన్ని మోసే తీరు వేరు. రెండూ కలిపితే సుమారు 62 తీసెయ్యాలి. రూపాయల జీతాన్నీ డాలర్ల జీతాన్నీ అంకె చూసి పోల్చినట్టు ఉంటుంది అంటే మన పిల్లలకి వెంటనే ఎక్కుతుంది. మిగతావాళ్ళకి ఇంకో గంట పడుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం అక్టోబర్‌లో వస్తుంది. ఈ నీలి తిమింగలాలు వేసవిలో మన అఖాతానికి తిండికోసం వస్తాయి. క్రిల్ అని చిన్న రొయ్యల్లాంటివి, అవే వాటి తిండి. చలికాలానికి దక్షిణంగా మెక్సికో, మధ్య అమెరికా తీరాల వైపు వెళ్ళిపోతాయి. పాడేవి మగవి. అప్పట్లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుతున్న విలియం ఓస్ట్రైక్, ఎంబారిలో జాన్ రయన్, ఇంకా కొందరు కలిసి ఈ మైకు రికార్డింగులు అయిదేళ్ళవి తీసుకుని, తిమింగలాలకి అతికించిన ట్యాగ్‌లతో పోల్చి 2020లో ఒక సంగతి చెప్పారు. తిండి తినే నెలల్లో అవి రాత్రిపూట ఎక్కువ పాడతాయి. పగలు క్రిల్ లోతుల్లో గుంపుగా దొరుకుతుంది కాబట్టి పగలంతా డైవ్ చేస్తూ తినడమే పని. ఇక బయల్దేరాలి అనుకున్న దగ్గర్నుంచీ పగటి పాట పెరుగుతుంది. అంటే పాట ఏ వేళప్పుడు వస్తోందో లెక్కపెడితే, ఒక్క తిమింగలాన్నీ చూడకుండా, అవి ప్రయాణం ఎప్పుడు మొదలుపెట్టాయో చెప్పొచ్చు. పిల్లల చేత ఒక వారం రికార్డింగులో పగటివి ఎన్ని, రాత్రివి ఎన్ని అని లెక్క వేయిస్తాను. పగలంతా పని, రాత్రికి పాట, ఊరెళ్ళే రోజులొస్తే పొద్దస్తమానం పాటే. టికెట్ బుక్ చేశాక మన ఇళ్ళలోనూ ఇంతే కదా.

లెక్క వేసేటప్పుడు ఒక అడ్డు వస్తుంది. బొమ్మ మీద నలభై అయిదు దగ్గర ఉండాల్సిన గీతలు మధ్యలో మాయమవుతాయి. అడుగునుంచి పైదాకా అంతా మసక. అది ఓడ.

మా పెదనాన్నగారి అబ్బాయి మర్చంట్ నేవీలో ఇరవై ఏళ్ళుగా ఇంజిన్ రూమ్‌లో చేస్తున్నాడు. ఒకసారి వాళ్ళ ఓడ ఓక్లాండ్ పోర్టుకొస్తే వెళ్ళి కలిసి, ఈ మసక చూపించాను. ఇంజిన్ చప్పుడు తనకి తెలుసు, చెవులకి మఫ్స్ పెట్టుకునే పని చేస్తాడు. ఎక్కువ చప్పుడు ప్రొపెల్లర్‌ది అన్నయ్యా అన్నాను. రెక్కలు గట్టిగా తిరిగితే నీళ్ళలో చిన్న చిన్న బుడగలు పుట్టి పగిలిపోతాయి, దాన్ని కేవిటేషన్ అంటారు. "అది రెక్కల్ని తినేస్తుందని తెలుసు గానీ, బయట ఇంత గోల చేస్తుందని ఎప్పుడూ అనుకోలేదే" అన్నాడు. కాసేపాగి, "నాకు మఫ్స్ ఇచ్చారు" అన్నాడు. అంతే. టీ తాగేసి వెళ్ళిపోయాడు.

నీళ్ళలో శబ్దం గాల్లో కంటే నాలుగింతలు వేగంగా, సెకనుకి పదిహేను వందల మీటర్లు పోతుంది. సన్న స్వరాలు దారిలో అరిగిపోతాయి గానీ ఈ బొంగురు స్వరాలు వందల కిలోమీటర్లు పోతాయి. రెండు వందల మీటర్లు దిగితే చూడ్డానికి వెలుతురు దాదాపు ఉండదు, కాబట్టి అక్కడ బతికేదానికి చెవే కన్ను. ఆ బొంగురు స్వరాల చోటే ఓడలూ ఆక్రమించాయి. దక్షిణ కాలిఫోర్నియాలో శాన్ నికొలాస్ దీవి దగ్గర 1960ల్లో నేవీ కొలిచిన చోటే 2003-04లో మళ్ళీ కొలిస్తే, ముప్ఫై నుంచి యాభై హెర్ట్జ్ మధ్య చప్పుడు పది పన్నెండు డెసిబెల్స్ పెరిగింది. ఆ ఓడల్లో ఏముంటాయో మనందరికీ తెలుసు. మన సోనా మసూరి బస్తా కూడా అలాగే వచ్చింది. నేను కొనడం మానలేదు, మిమ్మల్ని మానమనట్లేదు.

అయితే తగ్గిస్తే ఏమవుతుంది? అనుకోకుండా ఒకసారి తగ్గింది. 2001 సెప్టెంబర్ పదకొండు తర్వాత కొన్నాళ్ళు ఓడల రాకపోకలు పడిపోయాయి. కెనడాలో బే ఆఫ్ ఫండీ దగ్గర రైట్ వేల్స్ మీద పనిచేస్తున్న రోజలిండ్ రోలాండ్ బృందం అప్పటికే వాటి పేడ సేకరిస్తోంది. నవ్వకండి, తర్వాత తర్వాత వాసన పట్టే కుక్కల్ని పడవ ముందు కూర్చోబెట్టి కూడా వెతికారు. ఓడలు తగ్గిన ఆ రోజుల్లో నీళ్ళలో చప్పుడు ఆరు డెసిబెల్స్ తగ్గింది. పేడలో ఒత్తిడి హార్మోన్లూ తగ్గాయి. ఆ రెండు లెక్కలూ కలిపి 2012లో అచ్చువేశారు. ఇప్పుడు కాలిఫోర్నియా తీరంలో మే నుంచి కొన్ని నెలల పాటు పెద్ద ఓడలు పది నాట్ల వేగానికి తగ్గమని అడుగుతున్నారు. ముఖ్యంగా తిమింగలాల్ని గుద్దెయ్యకుండా ఉండటానికే, కానీ వేగం తగ్గితే చప్పుడూ తగ్గుతుంది.

జనవరిలో అయితే పిల్లల్ని అన్యో నూయేవో తీసుకెళ్తాను. ఎలిఫెంట్ సీల్స్ ఉండే చోటు. పోయిన శతాబ్దానికి ముందు శతాబ్దంలో నూనెకోసం వేటాడి వేటాడి వందలోపుకి తెచ్చేశారు వాటిని, మళ్ళీ లక్షల్లోకి వచ్చాయి. పెద్ద మగది రెండు టన్నులపైన కూడా ఉండొచ్చు, మోటారు సైకిల్ స్టార్ట్ అవ్వనంటున్నట్టు అరుస్తుంది. ప్రతిదానికీ ఒక లయ ఉంది. శాంటా క్రూజ్‌లో కొలీన్ రైక్‌మత్, కారొలిన్ కేసీ, ఫ్రాన్స్ వాళ్ళతో కలిసి 2017లో ఒకటి తేల్చారు. తనని ఓడించిన మగదాని అరుపు వినిపిస్తే చిన్నది వెనక్కి జారుకుంటుంది. అదే అరుపుని లయ బాగా మార్చి వినిపిస్తే పట్టించుకోదు. శత్రువుని తాళంతో గుర్తుపడుతోందన్నమాట. మా క్లాసులో మృదంగం నేర్చుకుంటున్న అబ్బాయి ఒకడు అక్కడే తొడమీద వేసి చూపించాడు, ఒకదానికీ ఇంకోదానికీ తేడా మా అందరికంటే ముందు వాడే పట్టాడు. సరే, ఆ ముచ్చట్లు చెప్తే తెల్లారిపోతుంది.

అసలు ఈ ప్రసంగానికి నేనెందుకు ఒప్పుకున్నానో చెప్పాలి. ఒకమ్మాయి అనుమతి తీసుకునే చెప్తున్నాను. మన తెలుగమ్మాయే, ఇక్కడికి నాలుగేళ్ళప్పుడు వచ్చింది. కోర్సులో ఒక అసైన్‌మెంట్ ఉంది: మీ ఇంట్లో ఇరవై నాలుగ్గంటల శబ్దాలు రికార్డు చేసి, ఏది ఎంతసేపో రాయండి. కుక్కర్ విజిల్ ఏడుసార్లు, డిష్‌వాషర్ గంటా పది నిమిషాలు, ఇలా రాసింది. చివరి వరసలో ఇలా ఉంది: నాన్న గొంతు, ఇంగ్లీషులో అయిదు గంటల నలభై నిమిషాలు. తెలుగులో పదకొండు నిమిషాలు.

మంచి మార్కులు వేసి ఇచ్చేశాను. రెండు వారాలకి వాళ్ళ నాన్నగారు కాలేజీకొచ్చారు. ఇక్కడ కాలేజీకి తల్లిదండ్రులు రారండీ, మార్కులు అడిగినా చెప్పకూడదు. మార్కులు అడగలేదాయన. "మేడమ్, ఆ పదకొండు నిమిషాలు మీరు రాయమన్నారా?" అన్నారు. లేదండీ, రికార్డరే రాసిందన్నాను. కూర్చున్నారు. చిప్ డిజైన్‌లో చేస్తారట. సిగ్నల్‌లోంచి నాయిస్ తీసెయ్యడమే తన పని అని ఆయనే చెప్పి, ఆయనే నవ్వారు.

తర్వాత అసలు సంగతికొచ్చారు. పిల్ల కంప్యూటర్ సైన్స్ వదిలేసి ఇటు వస్తానంటోంది. పధ్నాలుగేళ్ళుగా గ్రీన్‌కార్డ్ వరసలో ఉన్నారు. ఇంకో ఏడాదిన్నరలో పిల్లకి ఇరవై ఒకటి నిండుతాయి, నిండితే నాన్న వీసా కింద ఉండటానికి లేదు. "మా బాధ మీకు తెలుసు కదమ్మా. దీంతో ఉద్యోగం వస్తుందా?"

నేను అబద్ధం చెప్పలేదు. ఉద్యోగాలు తక్కువ, జీతం మీ జీతంలో మూడో వంతు రావచ్చు, ప్రభుత్వ సంస్థల్లో చాలావాటికి పౌరసత్వం కావాలి అన్నాను. నా కారు నడిపిన లెక్కా చెప్పాను. కానీ ఆయన భయపడుతున్న ఒకటి మాత్రం నిజం కాదు. చదువయ్యాక ఏడాది పని పర్మిట్ మీద ఇంకో రెండేళ్ళు పొడిగించే స్టెమ్ జాబితాలో బయాలజీ ఉంది, మెరైన్ బయాలజీ కూడా ఉంది. కంప్యూటర్ ఒక్కటే కాదు. యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉన్న పరిశోధన సంస్థలు హెచ్-1బీ ఇవ్వాలంటే లాటరీ అక్కర్లేదు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి చేరేముందు కాలేజీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగమన్నాను. ఇంకోటి కూడా అన్నాను: ఇన్నేళ్ళ రికార్డింగుల్లో పాటల్ని వెతకడానికి ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్ళే కావాలి. రెంటిలో ఒకటి వదలక్కర్లేదు. సిగ్నల్ ప్రాసెసింగ్ అయితే ఇంట్లోనే గురువున్నాడు.

దానికేం అనలేదు. లేస్తూ లేస్తూ, "అదేదో వినిపిస్తారటగా" అన్నారు. హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. అమ్మాయి తన ప్రాజెక్టుకి ఎంచుకున్న ముక్కే పెట్టాను. దాంట్లో ముందు ఒక ఓడ వెళ్తుంది, చాలాసేపు. మధ్యలో ఆయన ఫోన్ మోగింది. చూసుకుని, కారిడార్‌లోకెళ్ళి పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడి వచ్చారు. మళ్ళీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, "వెనక్కి తిప్పండి, ఎక్కడ ఆపానో అక్కణ్ణుంచి" అన్నారు.

అమ్మాయి ప్రస్తుతానికి కంప్యూటర్ సైన్స్‌లోనే ఉంది. వేసవికి రెండు ల్యాబులకి అప్లై చేసింది. ఇంకా కబురు రాలేదు.

ఆ ముక్క తెచ్చాను. వేగం పెంచి పెడుతున్నాను, నాలుగు నిమిషాలుంటుంది. మొదటి మూడూ ఓడే. హాల్లో ఏసీ కాస్త ఆపుతారా?

(రికార్డింగ్)